కేకు లెక్కన పెంచిన చేప

మా కార్వర్ గల్చ్‌లో ఏది చెడినా తప్పు ఎత్తుదే. కేకు మధ్యలో కుంగితే ఎత్తు. బండి స్టార్ట్ కాకపోతే ఎత్తు. మా చెల్లెలి మొగుడు జెంక్ పేకాటలో ఓడిపోయినా ఎత్తే. పదివేల నూట ఎనభై అడుగుల మీద పుట్టి, అక్కడే ముసలివాళ్ళమైన మాకు ఇంతకంటే చేతికందే సాకు ఇంకోటి లేదు. అలాగని బయటివాడెవడైనా ఆ ఎత్తును ఒక్క మాట అంటే మాత్రం ఊరుకోం.

నేను అసలే ఊరుకోను. నా పేరు మిల్కా జుపాన్. మెయిన్ వీధిలో బేకరీ నాది. మా అమ్మమ్మ స్లొవేనియా నుంచి నేర్చుకుని వచ్చిన పొటీత్సా, అంటే వాల్‌నట్ల ముద్ద పూసి చుట్టచుట్టి కాల్చే రొట్టె, ఈ కొండల్లో నా దగ్గర తప్ప దొరకదు. కౌంటరు మీద ఒక చెక్క బోర్డు ఉండేది. "ఆక్సిజన్ డబ్బాలు అమ్మబడవు. కిందికి పోయే దారి ఎడమ పక్క." డెన్వర్ నుంచి వచ్చి, నాలుగు మెట్లెక్కి గుండె పట్టుకునేవాళ్ళు అది చదివి, ఫోటో తీసుకుని, ఆయాసపడుతూనే నవ్వేవారు. వాళ్ళకంటే ఎక్కువ నేను నవ్వేదాన్ని.

మా ఊళ్ళో వయసు మళ్ళినవాళ్ళకి ఒక రోజు తప్పకుండా వస్తుంది. క్లినిక్‌లో నర్సు వేలికి క్లిప్పు పెట్టి, అందులో ఆక్సిజన్ అంకె చూసి, మొహం అదోలా పెడుతుంది. ఆ తర్వాత రెండే దార్లు. ముక్కుకి గొట్టం తగిలించుకోవడం, లేదా కొండ దిగిపోవడం. పోయిన ఏడాది ఆ రోజు మా పళ్ళ డాక్టరు ఆల్డెన్ విక్ గారికి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు మా ఊరి పళ్ళన్నీ పీకిన మనిషి కొండ కింద ప్యూబ్లోలో ముసలివాళ్ళుండే చోటికి సామాను సర్దుకున్నాడు. వీడ్కోలు విందుకి కేకు నేనే చేశాను. దాని మీద క్రీముతో "గాలి కోసం కొండ దిగిన వీరుడికి" అని రాశాను. హాలంతా నవ్వింది. డాక్టరు కూడా నవ్వి, ముక్కు గొట్టం సర్దుకుని, ఒక ముక్క తిన్నాడు. నా నోటి దురద తీరింది కానీ ఆయన ఆ గొట్టం సర్దుకున్న తీరు మాత్రం నాకు చాలా రోజులు కళ్ళ ముందు నుంచి పోలేదు.

ఆయన దిగిన చోట చేపల్ని పెంచనివ్వరు. అందుకని ఆయన వెయిటింగ్ రూములో పద్నాలుగేళ్ళుగా ఉన్న ఉప్పునీళ్ళ తొట్టి నా బేకరీ కిటికీ పక్కకి వచ్చింది. అందులో ఒక్కటే చేప. నారింజ రంగు ఒంటి మీద మూడు తెల్ల పట్టీలు. పేరు ఆగ్నెస్. పన్ను పీకించుకోవడానికి వచ్చిన పిల్లలందరూ దాన్ని చూస్తూ ఏడుపు ఆపుకున్నవాళ్ళే, వాళ్ళలో కొందరికి ఇప్పుడు పిల్లలున్నారు.

వెళ్ళే ముందు డాక్టరు తొట్టి కింది అలమర తెరిచి, నీళ్ళు వడకట్టే సరంజామా అంతా చూపించాడు.

"మిల్కా, మిగతావి ఒక పూట అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. ఇదిగో, ఈ నురుగు గొట్టం మాత్రం ఆగకూడదు. స్కిమ్మర్ అంటారు దీన్ని. గాలిని సన్న బుడగలుగా చేసి నీళ్ళలోకి కొడుతుంది. మురికి ఆ బుడగలకి అంటుకుని, నురుగై పైకొచ్చి, ఈ కప్పులో పడుతుంది."

"ఛీ, వాసన."

"వాసన వస్తోందంటే పని చేస్తున్నట్టే. అది చెడిన రోజు ఆగ్నెస్సే నీకు చెబుతుంది."

ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

చలికాలం బాగానే గడిచింది. ఏప్రిల్లో నర్సు నా వేలికీ క్లిప్పు పెట్టింది. ఒక రాత్రంతా పెట్టుకుని పడుకోమని యంత్రమిచ్చి పంపింది. నిద్రలో నా అంకె ఎనభై ఒకటి. తొంభై ఉండాలిట. వారం తిరక్కుండా బేకరీకి ఆక్సిజన్ పెట్టె వచ్చింది. గదిలోని గాలినే పీల్చుకుని అందులోంచి ఆక్సిజన్ని వేరుచేసి గొట్టంలోకి వదిలే పెట్టె అది. ఆ బోర్డు పెట్టిన మనిషిని, ఆ కేకు మీద ఆ మాట రాసిన మనిషిని, ఏ మొహం పెట్టుకుని దాన్ని తగిలించుకుంటాను? బేకరీ సామాన్ల గదిలో మూలకి తోసి, దాని మీద కేకు గిన్నెలు పేర్చాను. ఎవరికీ చెప్పలేదు. పొద్దున లేచేసరికి తలనొప్పి, పిండి బస్తా జరిపితే ఆయాసం. వయసు అనుకున్నాను. అందరూ ఎత్తు మీదికి నెట్టే చోట నేనొక్కదాన్నే వయసు మీదికి నెట్టాను.

ఆగస్టులో మా ఊళ్ళో గాడిదల పందెం. గాడిద ఎక్కకూడదు, దాని తాడు పట్టుకుని పక్కన పరిగెత్తాలి. శనివారం పందెమనగా ముందు ఆదివారం డాక్టరు ఫోన్ చేశాడు.

"శనివారం వస్తున్నాను మిల్కా. మా అన్నకొడుకు కారులో దింపుతానన్నాడు. ఒక్క పూటే."

"గాడిదల కోసం అంత దూరమా?"

"గాడిదలదేముంది. ఆగ్నెస్‌ని చూడాలి. ఇంకోసారి ఆ ఎత్తు ఎక్కనిస్తారో లేదో తెలీదు."

సరేనన్నాను. సరిగ్గా మర్నాడు పొద్దున తొట్టి కింద నేలంతా నురుగు. స్కిమ్మర్ కప్పు పొంగి, అలమర తలుపు సందుల్లోంచి ఆ కంపు నీళ్ళు గచ్చు మీదికి కారుతున్నాయి. కొనేవాళ్ళు ముక్కు మూసుకుని వెనక్కి తిరుగుతున్నారు.

పొంగడం గురించి నాకు ఒకరు చెప్పాలా? నలభై రెండేళ్ళుగా ఇదే పని. నా పొయ్యి పక్క గోడ మీద మా అమ్మ చేతిరాతతో ఒక అట్ట ఉంది. కింది ఊళ్ళ వంటల పుస్తకం తెచ్చుకుని మా ఎత్తున కేకు చెయ్యాలంటే ఆ అట్ట చూసి లెక్క మార్చుకోవాలి. గాలి పలచన కాబట్టి ఇక్కడ బుడగలు పట్టపగ్గాల్లేకుండా ఉబ్బుతాయి, ఉబ్బి పగులుతాయి, కేకు కుంగుతుంది. అందుకని బేకింగ్ పౌడరు మూడో వంతు తగ్గించాలి. తడి తొందరగా ఆరిపోతుంది కాబట్టి నీళ్ళు ఎక్కువ పొయ్యాలి. పొయ్యి వేడి కొంచెం పెంచాలి. పిండి ఎండకుండా మూత పెట్టాలి.

తొట్టి నీళ్ళూ అంతే కదా అనుకున్నాను. ఎండిపోతున్నాయని రోజుకొక కూజా మంచినీళ్ళు పొయ్యమన్నాడు డాక్టరు. ఈ పొడి గాలికి కూజా ఏం చాలుతుందని నేను అప్పటికే వారం నుంచి రెండు పోస్తున్నాను. ఇప్పుడు స్కిమ్మర్ గాలి మరను మూడో వంతు బిగించాను. నీళ్ళు ఆరకుండా తొట్టి మీద బిస్కెట్లు కాల్చే పెద్ద రేకు ట్రే మూత పెట్టాను. చెయ్యి పెట్టి చూస్తే నీళ్ళు చల్లగా తోచి, హీటరు రెండు గీతలు పెంచాను. పక్కనే గాలి కొట్టే చిన్న పంపు ఒకటి తుమ్మెదలా రొద పెడుతుంటే దాని ప్లగ్గు ఎప్పుడో పీకేశాను. మధ్యాహ్నానికి నురుగు అణిగింది. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

గురువారం సాయంత్రం నాలుగింటికి ఒక చిన్నపిల్ల కిటికీ దగ్గర నిలబడి అంది. "అవ్వా, మీ చేప ముద్దులు పెడుతోంది."

వెళ్ళి చూశాను. ఆగ్నెస్ నీళ్ళ పైకంటా వచ్చి, రేకు కింద ఉన్న ఇంత సందులో నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. దాని దవడ పక్క మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి. నేను వేలు చూపిస్తే రాలేదు. ఒక పక్కకి ఒరిగి, మళ్ళీ తేరుకుని, మళ్ళీ ఒరిగింది. ఎల్లుండి డాక్టరు వస్తాడు.

జెంక్‌కి ఫోన్ చేశాను. జెంకిన్ ట్రెలోర్, ముప్పై ఒక్క ఏళ్ళు మా కొండ గనిలో గాలి తోసే ఫ్యాన్లు చూసినవాడు. రిటైరయ్యాక చూడటానికి ఫ్యాన్లు లేక ఊళ్ళోవాళ్ళ వాక్యూమ్ క్లీనర్లు విప్పుతుంటాడు. అయిదు నిమిషాల్లో వచ్చాడు. ముందు రేకు ట్రే ఎత్తి చూశాడు.

"ఇదేంటి వదినా, చేపని బేక్ చేస్తున్నావా?"

"నీళ్ళు ఆరిపోతున్నాయని పెట్టాను."

"హీటరు పెంచింది ఎవరు?"

"నేనే."

"గాలి బిగించింది?"

"నేనే. పొంగింది, బిగించాను. మూడో వంతు."

అతను లేచి, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి, గోడ మీది అట్ట చదువుకుని తిరిగొచ్చాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"ఒక్కటి కూడా వదల్లేదు నువ్వు. పౌడరు తగ్గించినట్టు గాలి తగ్గించావు, నీళ్ళు పెంచావు, వేడి పెంచావు, మూత పెట్టావు. వదినా, కేకు తన గాలి తనే పుట్టించుకుంటుంది. చేపకి గాలి మనం ఇవ్వాలి. ఈ ఎత్తున మన గాలే మూడో వంతు తక్కువ. ఈ స్కిమ్మర్ని సముద్రం పక్కన కూర్చున్నవాడెవడో తయారు చేశాడు. ఇక్కడ మర పూర్తిగా తెరిచినా అది సగం ఆకలితోనే ఉంటుంది. నువ్వు అందులోంచి కూడా మూడో వంతు కోశావు. పైగా వెచ్చటి నీళ్ళలో గాలి నిలవదు."

"మరి పొంగిందెందుకు?"

"రెండో కూజా పోశావు కాబట్టి. నీటి మట్టం పెరిగితే కప్పు పొంగదా?"

నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని వాదించే మనిషిని. ఆ పూట మాత్రం ఒక చేప అవస్థ చూస్తూ వాదించడానికి సిగ్గేసింది.

అతను మర పూర్తిగా తిప్పాడు, హీటరు తగ్గించాడు, రెండు కూజాల నీళ్ళు తోడేశాడు. చిన్న పంపు ప్లగ్గు పెడితే అది ఒకసారి గుర్రుమని ఊరుకుంది. విప్పి చూస్తే లోపలి రబ్బరు చిరిగి ఉంది. డెన్వర్‌లో ఉప్పునీళ్ళ సామాను అమ్మే కొట్టుకి ఫోన్ చేశాడు. అయిదింటికి మూసేస్తారట. దారి రెండు గంటలు.

"రేపు పొద్దున తెరిచేసరికి అక్కడుంటాను," అన్నాడు. "కానీ ఇది రేపటిదాకా ఆగేలా లేదు. పూర్తిగా తెరిచాను, అయినా పలచటి గాలే కదా. ఇంకాస్త చిక్కటి గాలి కావాలి."

ఆగ్నెస్ ఇసుక మీద పక్కకి ఒరిగి పడుకుంది.

చిక్కటి గాలి నా సామాన్ల గదిలో కేకు గిన్నెల కింద ఉంది. అది చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో మీకు చెబితే మీరు నన్ను అసహ్యించుకుంటారు. మహా అయితే ఒక నిమిషం. ఆ ఒక్క నిమిషం ఆ చేప ఊపిరి కన్నా నా పరువే ఎక్కువగా చూసుకున్నాను.

"జెంక్, నాతో రా," అన్నాను.

గిన్నెలు దించుతుంటే ఒకటి జారి గల్లున మోగింది. కింద బూడిద రంగు పెట్టె. దాని మీద క్లినిక్ వాళ్ళు అంటించిన చీటీ, చీటీ మీద నా పేరు. జెంక్ ఆ చీటీ చదివాడు. గొట్టం సంచి ఇంకా విప్పనేలేదని చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"ఏప్రిల్."

"మా ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే నేను ఇంకా ప్రాణాలతో ఉంటానా?"

"అంకె ఎంత?"

చెప్పాను. అతను పెట్టెని ఎత్తుకుని నడుస్తూ, నా వైపు చూడకుండానే అన్నాడు. "గనిలో గాలి మీటరు ముల్లు ప్రమాదం గీత దాకా పడితే మనుషుల్ని బయటికి లాగేవాళ్ళం. మీటరు మీద గిన్నెలు పెట్టేవాళ్ళం కాదు."

పెట్టె గొట్టం తెచ్చి స్కిమ్మర్ గాలి పీల్చే చోట తగిలించి, అతి తక్కువ మీద పెట్టాడు. పెట్టె ఉస్సుమని ఊపిరి తీసి, బుస్సుమని వదిలింది. కప్పులో నురుగు చిక్కబడింది. మేమిద్దరం రెండు కుర్చీలు వేసుకుని, సినిమా చూసేవాళ్ళలా ఆ తొట్టి ముందు కూర్చున్నాం. గంటన్నరకి ఆగ్నెస్ నిటారుగా నిలబడింది. ఇంకో అరగంటకి నా వేలు వెంట వచ్చింది. నాకు ఏడుపొచ్చింది. చుట్టూ ఎవరూ లేరు కాబట్టి ఏడ్చాను. జెంక్ లెక్కలోకి రాడు.

శుక్రవారం పొద్దంతా ఆ పెట్టె కిటికీ పక్కనే బుసకొడుతూ ఉంది. వచ్చినవాళ్ళందరూ ఇదేంటి అన్నారు. "చేపకి," అన్నాను. అందరూ తల ఊపి రొట్టెలు కొనుక్కుని పోయారు. ఎంత తేలిగ్గా అయిపోయిందో. మధ్యాహ్నానికి జెంక్ కొత్త పంపుతో వచ్చాడు. మా ఎత్తుకి సరిపోవాలని తొట్టి సైజుకి రెండింతల పెద్దది తెచ్చాడు. అది బిగించి, పెట్టె గొట్టం ఊడదీసి, దాని సంచిలోంచి అసలు గొట్టం, అంటే ముక్కులోకి రెండు చిన్న కొమ్ములుండే గొట్టం, తీసి తగిలించాడు.

"ఇక దీనికి ఆగ్నెస్‌తో పని లేదు," అన్నాడు. "నేను ఎవరికీ చెప్పను వదినా. కానీ పెట్టెని మళ్ళీ గదిలోకి మొయ్యను. నా నడుం నొప్పి."

అతని నడుం నిక్షేపంలా ఉంది.

శనివారం పదకొండింటికి వీధంతా గాడిదలు, వాటి వెనక పారలు పట్టుకుని పేడ ఎత్తేవాళ్ళు, బేకరీలో తలుపు దాకా వరస. డాక్టరు వచ్చాడు. చిక్కిపోయాడు. భుజానికి చిన్న ఆక్సిజన్ సంచి, ముక్కుకి గొట్టం. నాతో మాట్లాడకుండా ముందు తొట్టి దగ్గరికి వెళ్ళాడు. ఆగ్నెస్ అద్దం దాకా వచ్చి, అటూ ఇటూ ఊగింది. ఆయన వేలు అద్దానికి ఆనించి, అది ఎటు ఊగితే అటు జరిపాడు. నాకు గుండె మీది బరువు దిగింది.

తర్వాత ఆయన చూపు కిటికీ పక్కన పెట్టె మీద పడింది.

"ఇది?"

"చేపకి డాక్టరుగారూ. గాలి చాలడం లేదని." నిన్నటి నుంచి అలవాటైపోయిన అబద్ధం, నాలిక మీద సిద్ధంగా ఉంది.

ఆయన వంగి, ఆ గొట్టం చివర వేళ్ళతో పట్టుకుని చూశాడు. రెండు చిన్న కొమ్ములు. నా మొహం చూశాడు. గొంతు తగ్గించి, నాకొక్కదానికే వినిపించేలా అన్నాడు. "ఆగ్నెస్‌కి ఇలాంటి ముక్కు లేదే."

ఆయన కావాలంటే గట్టిగా అనొచ్చు. వరసలో పాతికమంది ఉన్నారు. నేను హాలంతా నవ్వేలా కేకు మీద రాసినదానికి ఇది చాలా చిన్న బదులు. కానీ గొంతు తగ్గించాడు. అదే నన్ను పడగొట్టింది.

కౌంటరు దాటి వచ్చి, ఆ గొట్టం తీసుకుని ముక్కుకి తగిలించుకున్నాను. సరిగ్గా రాలేదు. ఆయనే చెవుల వెనక సర్దాడు. పళ్ళ డాక్టరు చేతులు, అలవాటైన చేతులు.

"అంకె?" అన్నాడు.

"ఎనభై ఒకటి. నిద్రలో." ఇది మాత్రం గట్టిగానే అన్నాను. "ఏప్రిల్ నుంచి దాచాను. ఆ రోజు మీ కేకు మీద రాసింది తప్పు డాక్టరుగారూ. నాకు సిగ్గుగా ఉంది."

"ఆ కేకు మధ్యలో కుంగింది కూడా," అన్నాడాయన. "మర్యాదకి ఊరుకున్నాను."

"కుంగలేదు."

"కుంగింది వదినా," అన్నాడు వరసలోంచి జెంక్. అతని పక్కన మా చెల్లెలు నా ముక్కు వైపే చూస్తూ, తర్వాత నీ సంగతి చెబుతానన్నట్టు నిలబడింది.

"దీని దురద ఎన్ని రోజులుంటుంది?" అని డాక్టర్ని అడిగాను.

"రెండు రోజులు. పొయ్యిల దగ్గరికి మాత్రం దీంతో వెళ్ళకు, భగ్గుమంటావు. కౌంటర్లో కూర్చో, పడుకున్నప్పుడు పెట్టుకో."

అప్పుడు వరసలో మొదట ఉన్న అమ్మాయి, మొహం పాలిపోయి, చెయ్యి గుండె మీద పెట్టుకుని ఉన్న డెన్వర్ పిల్ల, కౌంటరు మీది బోర్డు చదివింది. చదివి, నా ముక్కు వైపు చూసింది. మళ్ళీ బోర్డు చూసింది. పాపం, నవ్వాలో వద్దో తెలియలేదు.

"కూర్చో తల్లీ," అన్నాను. "మంచినీళ్ళు ఇస్తాను. రెండు రోజుల్లో అలవాటవుతుంది, కాకపోతే నా దగ్గర పెట్టె ఉంది."

బోర్డు తీసి బోర్లా తిప్పాను. వెనక వైపు నున్నగా, శుభ్రంగా ఉంది. దాని మీద పొటీత్సా పెట్టి మొదటి ముక్క డాక్టరుకి కోశాను. మంచి గట్టి చెక్క. అప్పట్నుంచీ రొట్టెలు దాని మీదే కోస్తున్నాను.